దక్కను దక్షిణపు ఎల్ల – రాయచూరు సాక్ష్యం

దక్కను పీఠభూమికి ఉత్తరాన నర్మద, తూర్పు పడమరల కనుమలు ఎల్లలని సాధారణంగా చెబుతారు. అభిప్రాయభేదమంతా దక్షిణపు ఎల్ల దగ్గరే. చరిత్రకారులలో కొందరు కృష్ణ వద్ద ఆగుతారు, కొందరు తుంగభద్ర వరకు వస్తారు. భూగోళశాస్త్రజ్ఞులు నీలగిరుల దాకా పోతారు. ఈ రెండు నదుల నడుమ ఉన్న రాయచూరు మొదటి లెక్కలో దక్కనుకు వెలుపల, రెండవ లెక్కలో అంచున, మూడవ లెక్కలో బాగా లోపల ఉంటుంది.

ఈ సందిగ్ధం భూగోళానికే పరిమితమైతే మేము దీనిని ప్రస్తావించనక్కరలేదు. తెలుగు సాహిత్య చరిత్రలు కూడా తరచుగా దేశపు ఎల్లలతోనే మొదలవుతాయి. అందుకు చూపే ఆధారాలలో ప్రతాపరుద్రీయం ఒకటి. కాకతీయ ప్రతాపరుద్రుని (1289–1323) ఆస్థానకవి విద్యానాథుడు ఈ సంస్కృత అలంకార గ్రంథంలో శ్రీశైలం, కాళేశ్వరం, దాక్షారామాలతో త్రిలింగదేశాన్ని గుర్తించాడు. శ్రీశైలానికి అలంపురం పశ్చిమద్వారమని సంప్రదాయం. రాయచూరు ఆ ద్వారానికి ఇంకా పడమట ఉంది. ఇక 9వ శతాబ్దికి చెందిన కన్నడ అలంకార గ్రంథం కవిరాజమార్గం కావేరి నుండి గోదావరి వరకు కన్నడ నాడని చెప్పింది. ఆ లెక్కలో రాయచూరు నట్టనడుమ ఉంటుంది.

అయితే రాయచూరు కోటగోడలో 41 అడుగుల పొడవున్న ఏకశిల ఒకటి ఉంది. దానిమీది శాసనం తెలుగు. అది 1294 నాటిది, అంటే ఆ ప్రతాపరుద్రుని కాలానిదే. గోన గన్నారెడ్డి మంత్రి విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ మొదలైన దుర్గాలను గెలిచి ఇక్కడ కోట కట్టించాడు. అడవి బాపిరాజు నవల వల్ల మనకు పరిచయమైన గన్నారెడ్డి పేరు ఇక్కడ రాతిమీద కనిపిస్తుంది. ఆ శిలను బండిమీద పశువులు లాగుకొనివచ్చే దృశ్యాన్ని కూడా అక్కడ చెక్కారు.

ఒకే రాజు కాలంలో కవి చెప్పిన ఎల్లకు అవతల మంత్రి కట్టించిన కోట ఉన్నదన్నమాట. విద్యానాథుడు పొరబడ్డాడని మేము అనము. ఆయన సరిహద్దులు కొలవలేదు, మూడు శివక్షేత్రాల రక్షణలో ఉన్న దేశానికి ప్రభువని తన రాజును కీర్తించాడు. స్తుతిని పటంగా చదవడం మన పొరపాటు. శాసనాన్ని పట్టాగా చదవడం కూడా అటువంటి పొరపాటే. విఠలుడు దండెత్తి వచ్చినవాడు. శాసనభాష పాలకుల భాషను తెలుపుతుందే కాని, ఆనాటి ప్రజలందరి భాష తెలుగే అని రుజువు చేయదు. ఈ శిలను చూపి 'రాయచూరు ఒకప్పుడు మనదే' అనడం విమర్శ అనిపించుకోదు.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని విభజించినప్పుడు రాయచూరు జిల్లాలోని గద్వాల, అలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, తక్కినది మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. పాలనకూ, మాతృభాషలో చదువుకూ ఆ విభజన అవసరమై ఉండవచ్చు. కాని దానివల్ల అంతర్వేది రెండు ముక్కలైంది. బాదామి చాళుక్యుల ఆలయాలున్న అలంపురం 2014 నుండి తెలంగాణలో ఉంది. కాకతీయుల నాటి తెలుగు శాసనమున్న రాయచూరు కర్ణాటకలో ఉంది. ఈ రెండు ఊళ్లలో దేని చరిత్రనూ ఒక్క భాషతో పూర్తిగా చెప్పలేము.

రాయచూరులోనో బళ్ళారిలోనో తెలుగు చదివే విద్యార్థికి సాహిత్య చరిత్ర మొదటి పుటలోనే 'నీవు ఎల్లకు అవతలివాడవు' అని చెప్పినట్లవుతోంది. ఎల్లను గీతగా కాక, రెండు భాషలు కలిసి బ్రతికిన నేలగా చూస్తే ఈ బాధ ఉండదు. ప్రతాపరుద్రీయాన్నీ, కవిరాజమార్గాన్నీ, కోటలోని శాసనాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలని మా సూచన. అందుకు తెలుగుతోపాటు కన్నడం కూడా రావాలి. రాజధానిలోని విద్యార్థి కన్నడాన్ని ప్రత్యేకంగా నేర్చుకోవాలి. మీకు మాత్రం అది వీధిలోనే వచ్చింది. ఈ పనికి మొదట పూనుకోవలసినవారు మీరే.