విశ్వమతం ఏ భాషలో మాట్లాడుతుంది?

ఏ ఒక్క మతమైనా లోకానికంతటికీ మతం కాగలదా? ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు వింటూ ఉంటాం. తన మతం ఒక్కటే అందుకు తగినదని విశ్వాసి అంటాడు. ఏ మతమూ తగదని హేతువాది అంటాడు. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. కాని ‘విశ్వజనీనం’ అన్న మాటకు అర్థమేమిటో ముందుగా తేల్చుకోవడం ఇద్దరూ మరచిపోతారు.

ఆ మాటకు రెండర్థాలున్నాయి. ఎవరైనా లోపలికి రావచ్చు, పుట్టుక అడ్డు కాదు అన్నది మొదటిది. అందరూ లోపలికి రావలసిందే, బయట ఉన్నది సత్యం కాదు అన్నది రెండోది. తలుపు తెరిచి ఉంచడం వేరు, ఊరంతటికీ ఒకే ఇల్లు చాలుననడం వేరు. మతాన్ని మెచ్చుకొనేటప్పుడు మొదటి అర్థంలో మెచ్చుకొని, వాదానికి దిగగానే రెండో అర్థంలోకి జారిపోవడం మన చర్చల్లో తరచు జరిగే పని.

ఈ చర్చకు ఇస్లాంను ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. మొదటి అర్థంలో ఇస్లాం తలుపు చాలా విశాలమైనది. ఖురాను మొదటి అధ్యాయంలోనే దేవుడు ఒక జాతికి కాక సమస్త లోకాలకూ ప్రభువుగా కనిపిస్తాడు. నమాజు వరుసలో నవాబు పక్కన కూలివాడు నిలబడవచ్చు. అయితే ఆ గ్రంథం దిగింది ఒకే భాషలో. ఆ నమాజు చదివేదీ అదే భాషలో. లోకాలన్నిటి ప్రభువుకూ, ఒక ఎడారి జాతి నోటి భాషకూ ఉన్న ఈ సంబంధాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఇది బయటివాళ్లు వేసిన ప్రశ్న మాత్రమే కాదు. లోపలివాళ్లు మరింత లోతుగా వేసుకున్న ప్రశ్న.

అలా వేసుకున్నవారిలో మహమ్మద్ ఇక్బాల్ ముఖ్యుడు. ‘ది రికన్‌స్ట్రక్షన్ ఆఫ్ రెలిజియస్ థాట్ ఇన్ ఇస్లాం’ అన్న ఆయన ఉపన్యాసాల సంపుటం 1930లో లాహోరులో వెలువడింది. ఈ ఉపన్యాసాలకూ మన దక్షిణాదికీ సంబంధం ఉంది. మద్రాసు ముస్లిం సంఘంవారు కోరితే ఇక్బాల్ వీటిని తయారు చేశాడు. 1929 జనవరిలో మద్రాసు వచ్చి కొన్ని చదివాడు. తరువాత హైదరాబాదులోనూ అలీగఢ్‌లోనూ చదివాడు. 1934 నాటి ఆక్స్‌ఫర్డ్ ప్రచురణలో ఏడో ఉపన్యాసం చేరింది. ఇక్బాల్ అనగానే మనకు 1904 నాటి దేశభక్తి గీతమో, 1930 డిసెంబరులో అలహాబాదులో చేసిన రాజకీయ ప్రసంగమో గుర్తుకొస్తుంది. ఈ రెండింటి మధ్య నలిగిపోయిన పుస్తకం ఇది.

ఇందులో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచింది ఆరో ఉపన్యాసం. ఇస్లాం నిర్మాణంలో చలనసూత్రం దాని విషయం. అక్కడ ఇక్బాల్ పద్ధెనిమిదో శతాబ్దపు ఢిల్లీ పండితుడు షా వలీవుల్లాను సాక్ష్యానికి పిలుస్తాడు. ఆ వాదన స్థూలంగా ఇది. లోకానికంతటికీ వచ్చిన ప్రవక్త ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ధర్మశాస్త్రం ఇవ్వలేడు. అలాగని ఎవరి శాస్త్రం వాళ్లు రాసుకోండని వదిలేయనూ లేడు. అందుకని తన ఎదుట ఉన్న ఒక జాతిని తీసుకొని, సమస్త మానవులకూ వర్తించే సూత్రాలను ఆ జాతి అలవాట్లకు అన్వయించి చూపిస్తాడు. సూత్రాలు అందరివీ. అన్వయం మాత్రం ఆ జాతిది. అందుచేత శిక్షలవంటి నిబంధనలను తరువాతి తరాలమీద అక్షరాలా రుద్దకూడదు.

ఇది సాహసమైన మాట. మనం పైన చెప్పుకున్న చిక్కుకు లోపలినుంచి వచ్చిన విరుగుడు కూడా. ఒక మతం సర్వమానవులకూ చెందేది తన శరీరంతో కాదు, ప్రాణంతో అని దీని సారాంశం. ఐదో ఉపన్యాసంలో ఇక్బాల్ మరో మాట కూడా అన్నాడు. ప్రవక్తల పరంపర ముగిసిందంటే మనిషి ఇక తన బుద్ధినే నమ్ముకొని నడవాలని అర్థమట. చివరి ప్రవక్త అన్న విశ్వాసాన్ని చాలామంది తలుపు మూతపడడంగా చూస్తే, ఆయన మానవుడి మైనారిటీ తీరడంగా చూశాడు. ఇంత ఉదారంగా చదవగలవాడు ఏ మతానికైనా అదృష్టమే.

అయితే ఆరో ఉపన్యాసంలోనే ఒకచోట ఆయన తడబడ్డాడని నా అభిప్రాయం. టర్కీ కవి జియా గోకల్ప్ బాంగు టర్కీ భాషలో వినిపించే దేశాన్ని కలగన్నాడు. ఆ పద్యాన్ని ఇక్బాల్ ఎత్తి చూపి, దీన్ని మన దేశపు ముస్లింలు చాలామంది ఒప్పుకోరంటాడు. తనకూ బలమైన అభ్యంతరాలున్నాయంటాడు. వెంటనే, ఇది ఇస్లాం చరిత్రలో కొత్త కాదని కూడా ఒప్పుకుంటాడు. పన్నెండో శతాబ్దంలో ఇబ్న్ తూమర్త్ అనే బెర్బర్ నాయకుడు, చదువురాని తన జనం కోసం ఖురానును బెర్బర్ భాషలో చదివించాడు, బాంగు కూడా ఆ భాషలోనే పలికించాడు అని ఆయనే చెబుతాడు. ఆ తరువాత గోకల్ప్ కోరిన స్త్రీ సమానత్వం గురించీ, కుటుంబ న్యాయం గురించీ వివరంగా చర్చిస్తాడు. భాష గురించిన అభ్యంతరాలు మాత్రం నాకు విశదంగా దొరకలేదు. శిక్షాస్మృతి ఆ కాలపు అరబ్బులదని చెప్పడానికి ధైర్యం చాలింది. భాష దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

ఎందుకు ఆగింది? అదే ఉపన్యాసంలో జవాబు దొరుకుతుంది. ముస్లిం దేశాలు ముందుగా ఎవరి బలం వాళ్లు కూడగట్టుకొని, ఆ తరువాత ఒక కుటుంబంగా ఏర్పడాలని ఆయన ఆశ. ఆ కుటుంబంలో సరిహద్దులూ జాతి భేదాలూ పోల్చుకోవడానికి పెట్టుకున్న గుర్తులు మాత్రమే. ఈ లెక్కలో పడితే భాష కూడా చాకలి బట్టమీద పెట్టే గుర్తులాంటిదే అవుతుంది. గుర్తు చెరిగినా బట్టకు లోటు లేదు. నా పేచీ ఇక్కడే. మాతృభాష గుర్తు కాదు, నేతలో కలిసిన పోగు. దాన్ని లాగేస్తే బట్ట బట్టగా మిగలదు.

ఇక్బాల్ జీవితమే ఈ విషయంలో ఒక పాఠం. సియాల్‌కోటలో పుట్టిన ఆయన ఇంటి భాష పంజాబీ. కవిత్వం చెప్పింది ఉర్దూలో, పారశీకంలో. ఈ ఉపన్యాసాలు రాసింది ఇంగ్లీషులో. 1904లో హిందూ దేశం గురించి పాడిన గీతం ఛందస్సులోనే, 1910లో ప్రపంచమంతా ముస్లిముల స్వదేశమేనంటూ మరో గీతం కట్టాడు. ఛందస్సు మారకుండానే దేశం మారింది. విశ్వజనీనత కోసం ఆయన ఎప్పుడూ ఇంటినుంచి దూరంగా, మరింత పెద్ద భాషలోకి నడుస్తూ పోయాడు. మహాకవి కాబట్టి ఆయనకు అది చెల్లింది. జాతులకు చెల్లలేదు.

చరిత్ర ఈ సంగతి కఠినంగా నిరూపించింది. 1947లో మతం ఆధారంగా పాకిస్తాన్ ఏర్పడింది. 1948 మార్చిలో జిన్నా ఢాకా వచ్చి, రాజ్యభాష ఉర్దూ ఒక్కటేనని ప్రకటించాడు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం ఊరేగిన విద్యార్థులమీద ఢాకాలో కాల్పులు జరిగాయి. కాల్చిన ప్రభుత్వమూ ముస్లిములదే, నేలకొరిగిన యువకులూ ముస్లిములే. ఇద్దరి గ్రంథమూ ఒకటే, ప్రార్థనలో తిరిగే దిక్కూ ఒకటే. 1971లో బంగ్లాదేశ్ వేరుపడింది. భాష ఒక్కటే కారణమని నేననను. ఆర్థిక దోపిడీ, సైనిక పాలన కూడా ఉన్నాయి. కాని విరగడం మొదలైన చోటు భాషే. 1999లో యునెస్కో ఆ ఫిబ్రవరి 21నే మాతృభాషా దినంగా ప్రకటించింది.

అది రాజకీయం, మతం కాదు అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన మాటే. అయితే ఎదుటి ఉదాహరణ కూడా చూడాలి. టర్కీలో 1932లో ప్రభుత్వమే బాంగును టర్కీ భాషలోకి మార్పించింది. 1950లో నిషేధం తొలగగానే అరబ్బీ బాంగు తిరిగి వచ్చింది. అంటే మాతృభాషను కూడా సర్కారు ఉత్తర్వుతో దేవుడి గుడిలోకి తోయలేమన్నమాట. భక్తుడికి అరబ్బీ పరాయి భాష కాదు. అర్థం తెలియకపోయినా ఆ ధ్వనే అతనికి పవిత్రం. సంస్కృత మంత్రానికి చేతులు జోడించే మనకు ఇది అర్థం కాకపోదు. కాబట్టి నా వాదం అరబ్బీ పోవాలని కాదు. అరబ్బీ ఉన్నచోట మరో భాషకు చోటుందా అన్నదే.

చోటు ఇచ్చిన ఉదాహరణలు మన చుట్టుపక్కలే ఉన్నాయి. తమిళంలో పదిహేడో శతాబ్దంలో ఉమరుప్పులవర్ ‘సీరాప్పురాణం’ రాశాడు. ప్రవక్త జీవితాన్ని అయిదు వేలకు పైగా పద్యాల్లో చెప్పిన కావ్యమది. అందులోని దేశవర్ణనలో అరబ్బు దేశానికి వానలు కురుస్తాయి, ఏళ్లు పారుతాయి, వరి పండుతుంది. భౌగోళికంగా ఇది తప్పు. కావ్యంగా ఇంతకంటె నిజం లేదు. తన ఊరి పంటచేలో కనిపించని ప్రవక్త ఆ కవికి ప్రవక్త కాడు. తెలుగులో పిఠాపురం సూఫీ పీఠానికి చెందిన ఉమర్ ఆలీషా కవి ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి మన పద్యంలోకి తెచ్చాడు. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రాసిన చిలుకూరి నారాయణరావు ఖురానునే తెలిగించాడు. మతం మారని పండితుడు మరో మతం గ్రంథాన్ని తన ఇంటి భాషలోకి ఆహ్వానించడం కంటె గొప్ప విశ్వజనీనత నాకు తెలియదు.

ఇంత చెప్పి లోపాన్ని దాచకూడదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ సంకలనం వచ్చింది. ఆ దశాబ్దంలో తెలుగు ముస్లిం కవులు అధికసంఖ్యాకులను నిలదీసినట్టే, తమ సమాజాన్ని కూడా నిలదీయడం మొదలుపెట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులవారిని ఉర్దూ మాట్లాడే ముస్లింలు తక్కువగా చూడడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతి. నమాజు వరుసలో ఉన్న సమానత్వం పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కనిపించదు. మళ్లీ భాషే అడ్డుగోడ. అందరికీ తెరిచిన తలుపు దగ్గరే, లోపలికి వచ్చినవాణ్ణి యాసనుబట్టి కూర్చోబెట్టే కాపలావాడున్నాడు.

ఇస్లాం ఒక్కదాన్నే బోనెక్కించడం నా ఉద్దేశం కాదు. రోమన్ కాథలిక్ పూజలో లాటిన్ స్థానంలో దేశభాషలు విస్తారంగా రావడానికి 1962-65 నాటి రెండో వాటికన్ మహాసభ దాకా ఆగవలసివచ్చింది. 1893 చికాగో సభ తరువాత వేదాంతమే విశ్వమతమని మనవాళ్లు చెప్పుకున్నారు. ఆ వేదం వినడానికే దేశంలో అధికభాగం జనానికి అర్హత లేదన్న సంగతి చెప్పుకోలేదు. 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేద్కర్ లక్షలాదిమందితో బౌద్ధం స్వీకరించింది ఆ విశ్వజనీనత లోపలి అనుభవంతోనే.

మతం సంగతి అలా ఉంచి మన సంగతి చూసుకుందాం. త్యాగరాజు కీర్తనలు తమిళదేశమంతా పాడుతుంటే, సంగీతానికి తెలుగే విశ్వభాష అని మనం మురిసిపోతాం. 1940ల తొలి సంవత్సరాల్లో తమిళ ఇసై ఉద్యమం, మా పాట మా భాషలో వినిపించాలని అడిగినప్పుడు, తెలుగువారిలో చాలామందికి అది త్యాగరాజుకు అపచారంగా తోచింది. కాని వాళ్లు త్యాగరాజును కాదనలేదు. ఆయన పక్కన తమకూ ఒక చాప వెయ్యమన్నారు. ఈ రోజు తమ పిల్లలకు తెలుగు పలక దొరకడం లేదని బాధపడే మనం ఆ కోరికను అందరికంటె ముందు అర్థం చేసుకోవలసినవాళ్లం. అధికసంఖ్యాకుల చోట అందరికీ ఒకే భాష చాలునన్నమాట ఎంత సహజంగా ధ్వనిస్తుందో, అల్పసంఖ్యాకుల చోట ఎంత బరువుగా పడుతుందో, మనం రెండూ ఎరిగినవాళ్లం.

కనుక నా నిర్ణయం ఇది. రెండో అర్థంలో, అంటే లోకానికంతటికీ ఒకే మతంగా, ఇస్లాం గాని మరొకటి గాని విశ్వజనీనం కాలేదు, కానక్కరలేదు. దేవుడు తలుచుకుంటే అందరినీ ఒకే సమాజంగా చేసి ఉండేవాడని చెప్పింది ఖురానే. భాషలూ రంగులూ వేరువేరుగా ఉండడం ఆయన సూచనల్లో ఒకటని చెప్పిందీ అదే. మొదటి అర్థంలో మాత్రం ఏ మతమైనా విశ్వజనీనం కాగలదు, షా వలీవుల్లా చెప్పిన సూత్రాన్ని చివరిదాకా నడిపితే. ఇక్బాల్ దాన్ని న్యాయశాస్త్రం దాకా నడిపించాడు. అక్కడినుంచి భాష దాకా నడిపించే పని సీరాప్పురాణ కవి ఆయనకు రెండు శతాబ్దాల ముందే చేసిపెట్టాడు. తత్త్వవేత్త ఆగిన చోటును కవి ఏనాడో దాటి ఉండడం సాహిత్యం చదివేవాళ్లకు కొత్త కాదు.

ఇకమీద ఎవరైనా తమ మతం సర్వమానవులదని చెబితే కాదనవలసిన పనిలేదు. ఒక్క ప్రశ్న వేస్తే చాలు. మీ మతంలోకి వచ్చినవాడు వాళ్ల అమ్మ భాషలో ఏడవవచ్చునా?