పాపానాయుడుపేట గాజులో గాలి నడక

కరిగిన గాజులో చిక్కుకున్న గాలి, గాజు వేడిగా జారుడుగా ఉన్నంతసేపు పైకి తేలి బయటపడగలదు. గాజు చల్లబడి చిక్కబడితే మాత్రం బుడగగా లోపలే నిలిచిపోతుంది. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేటలో తరతరాలుగా సాగిన పూసల తయారీ, గాజు నడుమ కావాలనే బోలు చేసి, ఆ బోలును చెదరకుండా సాగదీసిన అరుదైన విద్య.

లాడా అనే పొడవాటి ఇనుప గొట్టం కొసకు పనివారు గాజు ముద్దను చుట్టి, దొర్లించి శంకువుగా మలిచి, నడుమ బోలు చేసి మళ్లీ కొలిమిలో పెడతారు. అవతలి వైపున మరొకరు దాని మొనను కొక్కెంతో అందుకుని చేతులు మార్చుకుంటూ లాగుతూ పోతే, ముద్దలోని బోలు కూడా గాజుతో పాటే సాగి సన్నని గొట్టమవుతుంది. ఆ గొట్టాన్ని చిన్న ముక్కలుగా నరికి, రంధ్రాలు పూడుకోకుండా, ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా బూడిదతో కలిపి వేడిచేస్తే, వాడి అంచులు గుండ్రబడి పూసలు తయారవుతాయి.

ఇందులో అన్నిటికన్నా కష్టమైనది గొట్టం గోడను సమమైన మందంతో నిలపడం. ముద్ద ఒక పక్క ఎక్కువ వేడెక్కితే అక్కడి గాజు ముందుగా సాగి గోడ పలచబడుతుంది. నరికేటప్పుడు ముక్క పగిలే ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ. లాగే వేగం పెరిగితే గొట్టమంతా సన్నబడుతుంది. కాబట్టి ముద్దను తిప్పే చేయి, మొనను లాగే చేయి ఒకే లయలో సాగాలి. వేడిని కొలిచే సాధనం లేని కొలిమి దగ్గర గాజు రంగును పోల్చుకునే కన్నే ప్రమాణం. ఈ నేర్పే ఆ వృత్తికి అసలు సంపద.

విద్యుత్ బట్టీలో గాజు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి కరిగించి అతికించే ఫ్యూజింగ్ పనిలోనూ గాజు పలచబడడం, గాలి చిక్కుకోవడం అనే ఇవే దోషాలు మరో రూపంలో ఎదురవుతాయి. పూర్తిగా మెత్తబడిన గాజు తలతన్యత వల్ల, అంటే ఉపరితలాన్ని బిగించి పట్టే బలం వల్ల, సుమారు 6 మిల్లీమీటర్ల మందానికి చేరుతుంది. అందుచేత 3 మిల్లీమీటర్ల పలకను ఒక్కదాన్నే 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే అంచులు లోపలికి ముడుచుకుని మందమవుతాయి, నడిమి భాగం పలచబడుతుంది, అడుగున చిక్కిన గాలి ఆ బలహీనమైన చోటనే ఉబ్బి చిల్లు పొడుస్తుంది. రెండు పలకలు కలిపి వాడడం, గాజు అంటుకోకుండా బట్టీ అరకు పూసిన పూతను పూర్తిగా ఆరబెట్టడం, 600 నుంచి 680 డిగ్రీల మధ్య వేడిని నెమ్మదిగా పెంచి కొంతసేపు నిలపడం ఇందుకు మందు: ఆ దశలో గాజు వంగుతుందే గాని అంచులు మూసుకుపోవు కనుక, పై పలక బరువుకు గాలి పక్కలకు జరిగి వెలుపలికి పోతుంది. చిల్లు పడ్డాక వేడి పెంచితే అది ఇంకా పెద్దదవుతుంది. అదే రకం గాజు పొడితో పూడ్చి మళ్లీ కాల్చడమే మిగిలిన దారి.

అయితే పూసల్లో మిగిలిపోయిన చిన్న బుడగలు చరిత్రకారులకు ఎంతో విలువైనవి. లాగిన గొట్టం నుంచి చేసిన పూసలో బుడగలు రంధ్రానికి సమాంతరంగా సాగి ఉంటాయి, కడ్డీకి చుట్టి చేసిన పూసలో అవి రంధ్రం చుట్టూ తిరిగి ఉంటాయి. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపిన, పుదుచ్చేరి దగ్గరి అరికమేడులోనూ, ఆగ్నేయాసియా తీరాలలోనూ దొరికిన, పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టిన చిన్న గాజుపూసలు లాగిన గొట్టాల నుంచి పుట్టినవేనని, రసాయన పరీక్షకు ముందే, భూతద్దం కింద ఆ బుడగల సాగుదలను బట్టి గుర్తించవచ్చు.