భవిష్యత్ చింతనలో ప్రజాభాగస్వామ్యం: పశ్చిమ ప్రకాశం నీటి లెక్కలు – ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం:

భవిష్యత్తును ఊహించి ప్రణాళిక రచించడం నిపుణుల పనిగా స్థిరపడింది. 1999 నాటి ‘విజన్ 2020’ పత్రం అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 2024లో వెలువడిన ‘స్వర్ణాంధ్ర 2047’ కోసం ప్రజల నుండి సూచనలు సేకరించారు. అయితే సూచన అడగడం వేరు, నిర్ణయంలో భాగమివ్వడం వేరు. రాబర్ట్ యుంక్ ప్రచారంలోకి తెచ్చిన ‘భవిష్యత్ కార్యశాల’ పద్ధతిలో విమర్శ, ఊహ, ఆచరణ అనే మూడు దశలున్నాయి. మూడవ దశే భాగస్వామ్యానికి గీటురాయి. మార్కాపురం, గిద్దలూరు మెట్ట ప్రాంతపు నీటి అనుభవాన్ని ఈ గీటురాయిపై పరిశీలించవచ్చు.

2. రైతుల చేతిలో లెక్క:

బోరుబావులే ఆధారంగా సేద్యం సాగే, తాగునీటిలో ఫ్లోరైడ్ బెడద ఉన్న ప్రాంతమిది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరవు జిల్లాల్లో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం (ఏపీఎఫ్ఏఎంజీఎస్) అమలైంది. వాటిలో ప్రకాశం ఒకటి. రైతులే వర్షపాతాన్ని, బావుల్లో నీటిమట్టాన్ని కొలిచి నమోదు చేశారు. రబీకి ముందు సమావేశమై భూమిలోకి ఇంకిన నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్కించారు. లోటు కనిపిస్తే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లడం గురించి చర్చించారు. ఇక్కడ భవిష్యత్తు జోస్యం కాదు, ఊరు కలిసి వేసుకున్న లెక్క.

3. పరిమితులు:

లెక్క సమష్టిది, నిర్ణయం మాత్రం వ్యక్తిగతం. పొరుగు రైతు కొత్త బోరు వేస్తే అడ్డుకునే అధికారం సమావేశానికి లేదు. 2002 నాటి ‘వాల్టా’ చట్టం ఆ అధికారాన్ని యంత్రాంగానికి అప్పగించింది. పైగా, ‘ఏ పంట వేస్తారు?’ అన్న ప్రశ్న బోరున్నవారినే పలకరిస్తుంది. తాగునీటి కోసం ఎదురుచూసే భూమిలేని కుటుంబాలు దాని వెలుపలే మిగులుతాయి. ఈ పథకాన్ని ప్రపంచబ్యాంకు అధ్యయనం ప్రశంసించగా, దాని ఫలితాల మన్నికను 2012లో ఐడబ్ల్యుఎంఐ-టాటా పరిశోధకులు ప్రశ్నించారు. అధికారం లేని జ్ఞానం నిధులు ఆగగానే బలహీనపడటం అసహజం కాదు.

4. వెలిగొండ – వాయిదాపడిన రేపు:

1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు ఇక్కడి ప్రజలకు మరొక భవిష్యత్తును చూపింది. ‘వెలిగొండ నీళ్లు వస్తే’ అన్న షరతు దశాబ్దాలుగా వారి ఊహకు సరిహద్దయింది. మొదటి భవిష్యత్తు ఉన్న నీటిని పంచుకోమంటుంది. రెండవది రాబోయే నీటికై నిరీక్షించమంటుంది. ప్రాజెక్టు అవసరం నిర్వివాదం. కానీ ఆ నిరీక్షణ స్థానిక లెక్కను అప్రధానం చేయడం నష్టం.

5. ముగింపు:

నీటి లెక్కను గ్రామసభ ముందుంచి చట్టబద్ధత కల్పించాలి. తాగునీటి వాటాను మొదట తీసివేసిన తరువాతే పంటల లెక్క మొదలుకావాలి. అందులో భూమిలేనివారికీ సమానమైన మాట ఉండాలి. కాలువ నీరు వచ్చిన నాడు సైతం పంపకాన్ని నిర్ణయించవలసింది ఈ వేదికే. ప్రజలు కాదనగలిగినప్పుడే వారి భాగస్వామ్యం భాగస్వామ్యమవుతుంది.