ఎదురు నడిచిన నరం

మూత్రంలో క్రిమి లేదు, కల్చర్ శుభ్రంగా వచ్చింది. అయినా పొత్తికడుపులో నొప్పి, గంటకోసారి బాత్రూమ్‌కి పరుగు. ఈ చిక్కుముడిలో ఒక కొస ఎలుక వెనుక కాలి మీద చేసిన ప్రయోగంలో దొరుకుతుంది. హంగరీలోని సెగెడ్ నగరానికి చెందిన మిక్లోష్ యాన్చో, ఆయన భార్య ఔరేలియా యాన్చో-గాబోర్, యువ సహచరుడు యానోష్ సోల్చాని చేసిన పని అది. 1967లో బ్రిటిష్ ఫార్మకాలజీ పత్రికలో వ్యాసంగా వచ్చింది. దాన్ని అచ్చులో చూసుకునే భాగ్యం యాన్చోకు లేదు. ఆయన 1966లోనే పోయారు.

స్పర్శనూ నొప్పినీ మోసే నరం ఒంటి నుంచి వెన్నుపాముకు కబురు చేరవేస్తుందని, దాని పని అంతేనని పాఠం. అయితే 1901లోనే బేలిస్ అనే ఇంగ్లిష్ శాస్త్రజ్ఞుడు అలాంటి నరాలను ఎదురు దిక్కులో ప్రేరేపిస్తే కాలిలో రక్తనాళాలు వెడల్పవుతాయని చూపించాడు. మరి వాపు సంగతేమిటి? దాన్నీ నరమే పుట్టిస్తుందా? యాన్చో బృందం పట్టుకున్న ప్రశ్న ఇదే.

వాళ్ల పనితనం చూడండి. ముందు ఎలుక రక్తంలోకి ఇవాన్స్ బ్లూ అనే రంగు ఎక్కించారు. అది రక్తంలోని ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది, బాగున్న రక్తనాళం దాన్ని అంతగా బయటికి పోనివ్వదు. నాళం గోడ కారితేనే చర్మం నీలమవుతుంది. వాపు ఎక్కడుందో కంటికే కనబడుతుంది, వాదనకు చోటుండదు. తర్వాత కాలి నరానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చారు, వెన్నుపాము వైపు కాదు, పాదం వైపు. పాదం మీద చర్మానికి ఎవరూ ఏ మందూ పూయలేదు, గిల్లలేదు. అయినా నరం పరచుకున్న మేర చర్మం నీలమైంది. నరం ఒక్కటే చాలిందన్నమాట.

ఇక్కడితో ఆగిపోయినా మంచి ప్రయోగమే అయ్యేది. వాళ్లు ఆగలేదు. ఆవనూనెలోని ఘాటు పదార్థంతో చర్మాన్ని రెచ్చగొట్టి చూశారు. నరం తెంచి కొనలు పూర్తిగా క్షీణించాక అదే ఘాటు వాపు తేలేకపోయింది. ఏ నరం అన్న ప్రశ్న ఇంకా మిగిలింది. దానికి జవాబు మనవాళ్లకు బాగా తెలిసిన సరుకులోనే ఉంది. మిరపకాయకు కారం ఇచ్చే క్యాప్సైసిన్‌ను ముందుగా ఎలుకలకు పెద్ద మోతాదులో ఎక్కిస్తే, ఘాటును పసిగట్టే నరాలు మాత్రమే మొద్దుబారతాయి. స్పర్శకూ కదలికకూ ఢోకా లేదు. ఆ ఎలుకల్లోనూ వాపు రాలేదు. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ మెట్టే. కత్తి చేయలేని ఎంపికను ఒక రసాయనం చేసిపెట్టింది.

మూత్రాశయం గోడలోనూ ఇలాంటి సన్నని నరాలు పరచుకుని ఉన్నాయి. వాటిలో చాలా భాగం మామూలుగా నిండేటప్పుడు మౌనంగా ఉండి, గోడ దెబ్బతిన్నప్పుడే మేలుకుంటాయి. మేలుకున్నాక నొప్పి కబురు పైకి పంపుతూనే, కొనల నుంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్పీ లాంటి పదార్థాలను గోడలోకి వదులుతాయి. వాటితో రక్తనాళాలు కారుతాయి, మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు రెచ్చిపోయి హిస్టమిన్ వదులుతాయి, అది మళ్లీ నరాన్నే గుచ్చుతుంది. మొదట గాయపరిచింది వెళ్లిపోయినా ఈ తిరుగుడు సాగవచ్చు. మొదట చెప్పినట్టు క్రిమి లేకుండానే మూత్రాశయాన్ని బాధించే ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనే జబ్బులో ఇది ఒక భాగమని చాలామంది పరిశోధకులు భావిస్తారు, అదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు.

ఆ నరాల మీద క్యాప్సైసిన్ పట్టుకునే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021 నోబెల్‌కు దారితీసిన పనిలో అదీ ఒకటి. అయితే చికిత్స అంత సులువుగా లొంగలేదు. క్యాప్సైసిన్ జాతి మందు రెసినిఫెరాటాక్సిన్‌ను ఒక్క మోతాదుగా రోగుల మూత్రాశయంలోకి పంపి చూసిన పరీక్షలో, 2005 నాటి ఫలితం ప్రకారం, ఉత్తుత్తి మందు కన్నా మేలు కనబడలేదు. ఎలుక కాలు ఇచ్చినంత స్పష్టత మనిషి జబ్బు ఇవ్వదు.

పాఠకులకు ఒక మాట. కల్చర్ పదేపదే శుభ్రంగా వస్తున్నా నొప్పి తగ్గకపోతే, మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్ మింగడం ఆపి యూరాలజిస్టును కలవండి. మూత్రంలో రక్తం కనబడితే మాత్రం ఒక్క రోజూ ఆలస్యం చేయకండి.