తొరాజా గోడల మీది దున్నపోతు

ఇండోనేషియాలోని దక్షిణ సులవేసి కొండల్లో, రాంతెపావో పట్టణానికి దగ్గర్లో కెతె కెసు అనే ఊరుంది. అక్కడ టోంగ్కోనన్లు, అంటే అక్కడి తొరాజా తెగవాళ్ల వంశపు ఇళ్లు, ఉత్తరానికి ముఖం పెట్టి ఒకే వరసలో ఉంటాయి. ఎదురుగా ధాన్యపు కొట్లు. వచ్చినవాళ్లంతా రెండు కొసలూ పైకి లేచిన ఆ కప్పులకే ఫోటోలు తీసుకుంటారు. అసలు చూడాల్సినవి గోడలు. జానెడు చోటు కూడా వదలకుండా చెక్కేశారు.

ఈ చెక్కడాల పేరు పస్సురా. ముందుగా పలకకు మసి పూసి నల్లబరుస్తారు. కొలత ప్రకారం గీతలు గీసుకుని, కత్తి మొనతో లోతు తక్కువగా తొలిచి, ఆ గాళ్లలో రంగు దిద్దుతారు. ఎరుపు, పసుపు మట్టి రంగులే. అవి చెక్కకు గట్టిగా పట్టడానికి కల్లు కలపడం పాత పద్ధతి. నలుపు చావుకు గుర్తు, ఎరుపు నెత్తురుకు, తెలుపు ఎముకకు, పసుపు దేవుడి దయకు. పలకంతా చావు రంగే పూసి, దాన్ని తొలిచి బతుకు రంగులు నింపుతున్నారన్నమాట. ఇంత ధైర్యమైన ఊహ నేను వేరే ఏ గోడ మీదా చూడలేదు.

ఇంటి ముందరి ముక్కోణంలో, పైన, సూర్యబింబం, దాని మీద కోడిపుంజు ఉంటాయి. సూర్యుడు పైవాడికి గుర్తు. పుంజు న్యాయానికి. పూర్వం ఇక్కడ తగవులు తేల్చడానికి కోడిపందెం పెట్టేవారు. మన గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి కాసే పందేల లాంటివి కావవి, తీర్పులు.

కింద పలకల్లో దున్నపోతు తల, కొమ్ములు విప్పుకుని, ఎదురుగా మనవైపే చూస్తుంటుంది. దున్నపోతే ఆస్తి, దున్నపోతే పరువు. చావు కర్మలో బలిచ్చిన దున్నలు పోయినవాడితో పాటు పితృలోకం పుయాకు వెళతాయని నమ్మకం. అందుకే ఆ బొమ్మ సంపదను చాటడంతో పాటు, పెద్దల ఋణం తీర్చాలని ఇంటివాళ్లకు గుర్తు చేస్తుంది.

నాకు మాత్రం చిన్న బొమ్మలే ఇష్టం. వరిమడిలో గుంపుగా తిరిగే తోకకప్పలు, ఒకదాన్నొకటి అల్లుకున్న నాచు తీగలు, విలువైన వస్తువులు దాచే బుట్టకు వేసిన ముడులు. ఆ ముడి కొస ఎక్కడుందో ఎంత వెతికినా దొరకదు. కుటుంబం గుట్టు కూడా అలాగే ఉండాలంటారు. కలిసి ఉండమని చెప్పడానికి వీళ్లు దేవుళ్లను పిలవలేదు, పొలంలోనూ ఇంట్లోనూ రోజూ కళ్లబడేవాటినే తీసుకున్నారు.

అయితే ఈ నీతి అందరి గోడలకూ దక్కలేదు. నిండుగా చెక్కించుకునే హక్కు ఒకప్పుడు పెద్ద వంశాలదే. బానిసల కుటుంబాలవి బోడి గోడలు. ఈ సంగతి దాటేసి పస్సురాను ఐకమత్యానికి ప్రతీకగా పొగడడం సగం మాటే.

ఇప్పుడు తొరాజాల్లో ఎక్కువమంది క్రైస్తవులు. అవే నమూనాలు చర్చిల మీదికి, ప్రభుత్వ భవనాల మీదికి, రాంతెపావో దుకాణాల్లో అమ్మే ట్రేల మీదికి వచ్చాయి. ట్రే కొనుక్కోవడానికి వంశం ఏమిటని ఎవరూ అడగరు.