పాలు మాన్పించాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి

విజయనగరం బాబామెట్ట మీది ఖాదర్ వలీ దర్గాకు వెళ్లేవాళ్లలో హిందువులూ ఉంటారు. శ్రీకాకుళం జామియా మసీదును 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడని ఊరి చరిత్ర కాస్త తెలిసినవాళ్లెవరైనా చెప్తారు. దర్గా తెలుసు, మసీదు తెలుసు, పీర్ల పండగ తెలుసు. పిల్లల విషయంలో ఆ మతం తల్లిదండ్రుల మీద ఏ బాధ్యతలు పెట్టిందని అడిగితే మాత్రం పక్కింట్లో ఉండేవాళ్లం కూడా నీళ్లు నములుతాం. తెలుగులో చదవడానికి లేక కాదు. భీమిలి దగ్గర ఆనందపురంలో పుట్టిన చిలుకూరి నారాయణరావుగారు 1930ల నాటికే ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత ముస్లిం పండితుల అనువాదాలూ వచ్చాయి.

పిల్లల్ని ప్రేమగా చూడమని ఏ మతమైనా చెప్తుంది. అలా చెప్పడానికి పెద్ద పనితనం అక్కర్లేదు. ప్రేమ చాలని ఇంట్లో బిడ్డ గతేమిటని ఆలోచించి, ఆ బిడ్డకు రావలసినదాన్ని బాకీలా రాసిపెట్టడానికి కావాలి. ఇస్లాం ధర్మశాస్త్రంలో నన్ను కట్టిపడేసింది ఆ పనితనమే. ఖురాన్‌లోని అల్ బఖరా సూరాలో (అధ్యాయంలో) 233వ ఆయత్ (వాక్యం) ఒక్కటి చాలు చూపించడానికి.

ముందు అది ఉన్న చోటు చూడండి. దానికి అటూ ఇటూ ఉన్న ఆయత్‌లు చాలావరకు తలాక్ గురించినవి. మొగుడూ పెళ్లాం విడిపోతున్నారు, మధ్యలో చంటిబిడ్డ ఉంది. పాల సంగతి సరిగ్గా అక్కడే ఎత్తుకుంది. కాపురం సవ్యంగా సాగే ఇంట్లో ఆ తగువే రాదు కదా!

ఇక లోపలి మాట. బిడ్డకు పాలు పూర్తిగా ఇప్పించాలంటే గడువు రెండేళ్లు. అన్నాళ్లూ తల్లికి తిండీ బట్టా తండ్రే చూడాలి, నలుగురిలో ఉన్న మర్యాద ప్రకారం. ఎంతవరకు? అతని తాహతుకు మించకుండా. బిడ్డను అడ్డం పెట్టుకుని తల్లిని ఏడిపించకూడదు, తండ్రినీ ఏడిపించకూడదు. తండ్రి చనిపోతే? అదే బాధ్యత వారసుడి మీద పడుతుంది. రెండేళ్లు నిండకుండా పాలు మాన్పించాలనుకుంటే? మాన్పించవచ్చు, ఇద్దరూ మాట్లాడుకుని ఇద్దరూ ఒప్పుకుంటే. పాలిచ్చే దాదిని పెట్టుకోవచ్చా? ఇస్తానన్నది సరిగ్గా ఇచ్చేటట్టయితే పెట్టుకోవచ్చు.

ఇదంతా ఒకే ఆయత్. పొందూరులో నూలు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, పోగు పోగూ చిక్కు విడేదాకా. పాల తగువును ఈ ఆయత్ అలా దువ్వింది. నాకు అన్నిటికంటే నచ్చింది పాలు మాన్పించే చోటు. ఖర్చు తండ్రిది కాబట్టి మాటా అతనిదే అనవచ్చు, పాలు తల్లివి కాబట్టి ఆమె ఇష్టమే అనవచ్చు. ఆ రెండూ అనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరిని, ఏడో శతాబ్దపు అరేబియాలో, బిడ్డ కోసం కూర్చుని మాట్లాడుకోమంది.

తర్వాతివాళ్లు ఈ రెండేళ్లను ఊరికే వదల్లేదు. అహ్‌కాఫ్ సూరాలో మోయడానికీ పాలు మాన్పడానికీ కలిపి 30 నెలలని ఉంది. అందులోంచి 24 తీసేస్తే మిగిలేది ఆరు. పెళ్లయిన ఆరు నెలలకే ప్రసవించిన ఒకామెను తొలి ఖలీఫాల కాలంలో శిక్షించబోతే, ఈ లెక్క చూపించి ఆపారని సంప్రదాయం చెప్తుంది. ఆరు నెలలు కనీస గర్భకాలంగా ధర్మశాస్త్రంలో నిలిచిపోయింది. ఒక్క తీసివేతతో తల్లికి ప్రాణం, బిడ్డకు తండ్రి పేరు దక్కాయి.

తండ్రి లేని పిల్లల ఆస్తి దగ్గర ఈ చూపు ఇంకా పదునెక్కుతుంది. ప్రవక్త తాను పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకు తల్లిని పోగొట్టుకున్నవారు. అన్ నిసా సూరా సంరక్షకుడికి చెప్పేది వినండి. పిల్లలకు ఈడొచ్చేదాకా వాళ్ల తెలివిని పరీక్షిస్తూ ఉండాలి, వివేకం కనబడ్డాక ఆస్తి అప్పగించాలి, అప్పగించేటప్పుడు సాక్షుల్ని పెట్టుకోవాలి. కలిగినవాడైతే అందులోంచి ఏమీ ముట్టకూడదు, లేనివాడైతే న్యాయమైనంత తీసుకోవచ్చు. పెద్దవాళ్లయి అడుగుతారేమోనని ముందే గబగబా తినేయకూడదు. ఈ చివరిది బాబాయిల మనసు బాగా ఎరిగిన మాట.

ఇస్లాంలోని హనఫీ న్యాయ సంప్రదాయం ప్రకారం బాబాయికి ఆ ఆస్తి మీద తనంతట తనకు అధికారమే లేదు. తండ్రి, ఆయన నియమించినవాడు, తర్వాత తాత, తాత నియమించినవాడు, ఆపైన న్యాయస్థానం. తండ్రి ప్రత్యేకంగా నియమిస్తే తప్ప తల్లికీ లేదు. ఇది నాకు మింగుడుపడదు. పాలు మాన్పించడానికి ఆమె ఒప్పుకోలు కావాలన్న చోట, పొలం కాగితాల దగ్గర ఆమెను గుమ్మం బయట నిలబెట్టారు పండితులు.

వారసత్వంలో కడుపులో ఉన్న బిడ్డకూ వాటా అట్టేపెడతారు. కూతురికి వాటా ఖాయం, కొడుకు వాటాలో సగమే అయినా. ఈ వారసత్వ నియమాలను ముస్లింలకు వర్తింపజేసిన 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపు తీసేసింది. శ్రీకాకుళం, విజయనగరం అప్పటికి ఆ రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లాలోవే. అందువల్ల ఇక్కడి ముస్లిం ఆడపిల్లకు పొలంలోనూ చట్టం ప్రకారం వాటా ఉంది.

కానుకల సంగతీ వదల్లేదు. బషీర్ అనే ఆయన నూమాన్ అనే కొడుక్కి ప్రత్యేకంగా ఏదో ఇచ్చి ప్రవక్తను సాక్షిగా ఉండమన్నాడు. మిగతా పిల్లలకూ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదనగానే సాక్ష్యానికి నిరాకరించారు.

వారసత్వ నియమాల్లో చిరుగు ఒకటి ఉంది. తండ్రి బతికుండగానే కొడుకు పోతే, తాత ఆస్తిలో ఆ మనవలకు వాటా రాదు, వాళ్ల బాబాయో పెదనాన్నో ఉంటే. అనాథల కోసం అంత జాగ్రత్తపడిన శాస్త్రంలో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈజిప్టు 1946లో, పాకిస్తాన్ 1961లో చట్టాలతో దీన్ని సరిదిద్దుకున్నాయి. మన దేశంలో ఆ పని తాతకే వదిలేశారు. ఆయన వీలునామాతో మూడో వంతు దాకా ఆ మనవలకు రాయవచ్చు, బతికుండగా హిబా (కానుక) కింద ఇంకా ఎక్కువే ఇవ్వవచ్చు. రాయకుండా పోతే అంతే.

రెండేళ్ల గడువును బిడ్డకే ఎదురు తిప్పిన సందర్భమూ ఉంది. విడాకులైన ముస్లిం స్త్రీల కోసం తెచ్చిన 1986 చట్టం, తల్లి దగ్గరున్న బిడ్డకు పుట్టిన నాటినుంచి రెండేళ్లు ఖర్చు ఇవ్వాలంది. బిహార్‌లో ఒక తండ్రి అది పట్టుకుని, ఆ వయసు దాటిన పిల్లలకు తానేమీ ఇవ్వనక్కర్లేదని వాదించాడు, హైకోర్టు ఆ వాదన వైపు మొగ్గింది. 1997లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ రెండేళ్ల ఖర్చు తల్లి అడిగేది, పిల్లల పోషణ పిల్లల సొంత హక్కు, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు అంది. పిల్లలకు యుక్తవయసు వచ్చేదాకా, ఆడపిల్లలకు పెళ్లయ్యేదాకా పోషించడం ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారమూ తండ్రి బాధ్యతేనని చెప్పి, కింది కోర్టు వేసిన లెక్కను మళ్లీ నిలబెట్టింది: ముగ్గురు పిల్లలు, ఒక్కొక్కరికి నెలకు 150 రూపాయలు.