కంప్యూటరు తెర - ఆటల నేర్పు

ధర్మవరపు మగ్గముపై చీర అంచు నేయునపుడు ఏ పడుగు పోగు పైకి లేవవలెనో జకార్డు అట్టలలోని రంధ్రములు నిర్ణయించును. తరువాతి కాలమున కంప్యూటరునకు ఆజ్ఞలందించు రంధ్రపు అట్టలకు దారి చూపినవి ఇవియే. అయినను నాడె విసరు ఒడుపును ఏ అట్టయు నేర్పలేదు. దానిని చేయి మగ్గముమీదనే నేర్చుకొనును. బడి పిల్లలకు కంప్యూటరు ద్వారా ఆటలు నేర్పవలెనను ఉత్సాహమును ఈ దృష్టితో పరీక్షింపవలసియున్నది.

2019 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఖేలో ఇండియా యాప్ ఆటల నియమములను, ఆడు పద్ధతులను తెరపైకి తెచ్చినది. హిందూపురమున గాని పెనుకొండలో గాని నియమము తెలియగోరు విద్యార్థికి ఇట్టి సాధనము మెచ్చదగినదే. కాని నియమము తెలియుట వేరు, ఖోఖోలో స్తంభము చుట్టు పట్టుతప్పక తిరుగుట వేరు.

గుండు విసరుటనే చూడుడు. నేలమట్టమునుండి విసరిన వస్తువు, గాలి నిరోధము లేనిచో, 45 డిగ్రీల కోణమున మిక్కిలి దూరము పోవునని పాఠము. తెరపై కదలు బొమ్మయు తరచు అట్లే చూపును. కాని గుండు చేతిని విడుచునది సుమారు 2 మీటర్ల ఎత్తున. అంతేగాక, కోణము పెరిగినకొలది చేయి ఇయ్యగల వేగము తగ్గును. అందువలన ఆరితేరిన క్రీడాకారులు సాధారణముగా 40 డిగ్రీలకు లోపుననే విసరుదురు. తెరను నమ్మి 45 కొరకు పాటుపడు బాలిక దూరమును పోగొట్టుకొనును!

ఫోను చిత్రములకును హద్దు కలదు. సెకనుకు 20 మీటర్లు పోవు బంతి, సెకనుకు 30 బొమ్మలు తీయు ఫోనులో బొమ్మకు బొమ్మకు నడుమ 67 సెంటీమీటర్లు సాగిపోవును. బంతిని చేయి తాకిన క్షణమే చిత్రమున లేకపోవచ్చును.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరియొకటి గలదు. ప్రతి ప్రయత్నమునకును ఫలితమును వెంటనే తెలుపుచున్నచో అభ్యాసవేళ నేర్పు పెరిగినట్లు కనబడినను, ఆ సహాయము తీసివేసిన పిమ్మట అది నిలువకపోవచ్చునని 1984లో సల్మోని, ష్మిట్, వాల్టర్ అను పరిశోధకులు వాదించిరి. ప్రతి విసరుకును అంకె చూపు యంత్రము పిల్లవానిని తనకే అలవాటు చేయును. పోటీనాడు ఆ అంకె చూపువారెవ్వరు?

2010లో అనంతపురమున ప్రారంభమైన నడాల్ టెన్నిస్ పాఠశాలలో టెన్నిస్‌తోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు విద్యలను చేర్చిరి. రెంటినీ ప్రక్కప్రక్కన నుంచిరే గాని, ఒకదానిచేత రెండవదానిని నేర్పింపబూనలేదు. ఈ ఏర్పాటు తెలివైనది.

45 నిమిషముల పీరియడులో 40 మందిని ఒక్కొక్కరిగా తెర యెదుట నిలిపినచో ఒక్కొక్కరికి దక్కునది నిమిషము పైచిలుకు. తక్కిన కాలమంతయు వరుసలో నిలుచుటయే. నలుగురికొక బంతి చొప్పున పది బంతులున్నచో, ఆ పీరియడులో ఎవ్వరును ఊరక నిలువనక్కరలేదు.